క్యారవాన్ తగిలిస్తే డీజిల్ ఎందుకు అంత తాగుతుంది, దానికి ఏ సామాను కొనాలి?

ప్రశ్న: మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం. మాకు 2021 మోడల్ టొయోటా ప్రాడో జీఎక్స్ఎల్, డీజిల్ ఆటోమేటిక్ ఉంది. హైవే మీద ఒంటరిగా లీటరుకు పదకొండు కిలోమీటర్ల దాకా ఇస్తుంది. ఈమధ్య స్నేహితుడి క్యారవాన్ తగిలించుకుని హాల్స్ గ్యాప్ వెళ్ళొచ్చాం. వెళ్ళేటప్పుడు వంద కిలోమీటర్లకు 21 లీటర్లు, వచ్చేటప్పుడు 17 లీటర్లు పట్టింది. రెండు వైపులా 105, 110లోనే నడిపాను. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి బాగా ఉంది. ఆ వ్యాన్ 20 అడుగులది, ఖాళీ బరువు 2,300 కిలోలు, ఏటీఎం (సామానంతా నింపాక వ్యాన్ దాటకూడని మొత్తం బరువు) 2,800. దాన్నే మాకు అమ్ముతానంటున్నారు. లాంగ్ సర్వీస్ లీవ్ పెట్టి నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చే అమ్మ అందరం నల్లార్‌బోర్ మైదానం మీదుగా పెర్త్ వెళ్ళి రావాలని ఆశ. యాక్సెసరీల షాపులో లిఫ్ట్ కిట్, స్టీల్ బుల్‌బార్, స్నోర్కెల్, ఇంజన్ చిప్, లాంగ్ రేంజ్ ట్యాంక్, రూఫ్ మీద విండ్ డిఫ్లెక్టర్, వెనక ఎయిర్‌బ్యాగులు, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, బ్రేక్ కంట్రోలర్, పెద్ద అద్దాలు అన్నీ కలిపి కొటేషన్ ఇచ్చారు. వీటిలో డీజిల్ ఖర్చు తగ్గించేవి ఏవి? లేక లాండ్‌క్రూయిజర్ 300కి మారడమే నయమా?

సమాధానం: మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. వెళ్ళేటప్పుడు 21, వచ్చేటప్పుడు 17. బండి అదే, వ్యాన్ అదే, మనుషులూ సామానూ అవే, వేగం కూడా అదే. హాల్స్ గ్యాప్ మెల్‌బోర్న్ కంటే కొంచెం ఎత్తులో ఉన్న మాట నిజమే కానీ, ఐదు టన్నుల బరువును ఆ ఎత్తుకు చేర్చడానికి అయ్యే డీజిల్ ఒక లీటరు అటూ ఇటూ మాత్రమే. మిగతా తేడా అంతా గాలిదే. క్యారవాన్ లాగేవాళ్ళు ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. చదునైన హైవే మీద మీ డీజిల్‌లో ఎక్కువ భాగం పోయేది బరువును లాగడానికి కాదు, గాలిని తొయ్యడానికి.

లెక్క చూడండి. ఆ సైజు ఫుల్ హైట్ వ్యాన్ దాదాపు రెండున్నర మీటర్ల వెడల్పు, నేల నుంచి మూడు మీటర్ల ఎత్తు ఉంటుంది. మీ ప్రాడో ఎంత పెద్దదైనా దాని వెనక ఒక గోడను నిలబెట్టి లాక్కెళ్తున్నట్టే. గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 90లో ఉన్న గాలి బలంతో పోలిస్తే 100లో అది 23 శాతం ఎక్కువ, 110లో దాదాపు 50 శాతం ఎక్కువ. దీనికి ఎదురుగాలి కూడా తోడవుతుంది. మీరు 105లో వెళ్తూ ఎదురుగా 25 కిలోమీటర్ల గాలి వీస్తే, ఇంజన్‌కు అది 130లో వెళ్ళినట్టే. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి వీస్తే 80లో వెళ్ళినంత తేలిక. మీ 21కీ 17కీ మధ్య జరిగింది ఇదే.

టైర్ల రాపిడి వేగంతో అంతగా మారదు కాబట్టి, గాలి పెరిగినంతగా మొత్తం ఖర్చు పెరగదు. అందాజుగా చెప్పాలంటే 100 నుంచి 90కి దిగితే డీజిల్ పన్నెండు, పదిహేను శాతం తగ్గుతుంది. వందకు 18 లీటర్లు పట్టే చోట రెండు, రెండున్నర లీటర్లు మిగులుతాయి. రోజుకు 600 కిలోమీటర్లు నడిపితే 90లో మీకు అదనంగా పట్టేది 40 నిమిషాలు. మెల్‌బోర్న్ నుంచి పెర్త్ వెళ్ళి రావడమంటే ఏడు వేల కిలోమీటర్ల దగ్గర. అంత దూరం మీద మిగిలేది 150 లీటర్ల పైమాటే. మీ కొటేషన్‌లో ఉన్న ఏ వస్తువూ ఇంత మిగల్చదు. మీలా 105, 110లో నడిపేవాళ్ళకు తేడా ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. గాలి లేని రోజున, 90 దాటకుండా, ఆ వ్యాన్‌తో లీటరుకు ఆరు కిలోమీటర్లు వస్తే అది మంచి మైలేజే. అంతకంటే ఆశపడొద్దు, ఎవరైనా ఇప్పిస్తామంటే నమ్మొద్దు.

90లో వెళ్తే వెనక ట్రక్కులు ఆగిపోతాయి కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే. అందుకే అద్దంలో రోడ్ ట్రెయిన్ (ఒకటి కంటే ఎక్కువ ట్రెయిలర్లు లాగే పొడవాటి ట్రక్కు) కనిపించినప్పుడు యూహెచ్ఎఫ్ రేడియోలో 40వ చానెల్ పెట్టుకుని ఉండండి. ట్రక్కుల వాళ్ళు మాట్లాడుకునేది దాని మీదే. 'మీకు వీలైనప్పుడు దాటండి, నేను నెమ్మదిస్తాను' అని ఒక మాట చెప్తే చాలు. వాళ్ళు పక్క లేన్‌లోకి పూర్తిగా వచ్చాక మీరు యాక్సిలరేటర్ కొంచెం వదలండి. ముందే బ్రేక్ వేస్తే వాళ్ళ లెక్క తప్పుతుంది. దాటే దారే లేని చోట వెనక బండ్లు పోగవుతుంటే ఎడమ పక్కన విశాలమైన చోటు చూసి ఆగి, వాళ్ళను పోనివ్వండి.

ఇక లాండ్‌క్రూయిజర్ 300. అది 3,500 కిలోలు లాగే మంచి బండి, 700 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది, ఎత్తుల్లో మీ ప్రాడో కంటే హాయిగా ఎక్కుతుంది. కానీ వెనక ఉన్న వ్యాన్ మారనప్పుడు గాలి కూడా మారదు. డీజిల్ కోసం దానికి మారితే పెట్టిన డబ్బు ఎప్పటికీ తిరిగి రాదు. మీ ప్రాడో అధికారిక పరిమితి 3,000 కిలోలు, వ్యాన్ 2,800. లాగే శక్తి విషయంలో సమస్య లేదు. సమస్య వేరేచోట ఉంది. షాపువాళ్ళు దాని గురించి మీకు చెప్పినట్టు లేదు.

అది జీవీఎం. అంటే బండి సొంత బరువు, మనుషులు, సామాను, టో బాల్ (వ్యాన్‌ను తగిలించే గుండు) మీద పడే బరువు అన్నీ కలిపి బండి దాటకూడని మొత్తం. మీ మోడల్‌కు అది 2,990 కిలోలు. బండి సొంత బరువు దాదాపు 2,325. మీరు ఐదుగురు, పిల్లలు చిన్నవాళ్ళనుకున్నా 265 కిలోలు వేసుకోండి. వ్యాన్ నిండు బరువులో పదో వంతు టో బాల్ మీద ఉండాలన్నది ఇక్కడి పద్ధతి, అంటే 280. టో బార్ ఒక 40. మొత్తం 2,910 అయింది. మీకు మిగిలింది 80 కిలోలు. ఇంకా ఒక్క బ్యాగు పెట్టలేదు, ఫ్రిజ్ పెట్టలేదు, నీళ్ళ క్యాన్ పెట్టలేదు. స్టీల్ బుల్‌బార్ ఒక్కటే 60 కిలోల దాకా తినేస్తుంది. దానికి లిఫ్ట్ కిట్, అదనపు ట్యాంక్, దాన్నిండా డీజిల్ కలిపితే షాపు గేటు దాటేలోపే మీరు చట్టపరిధి దాటిపోతారు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు అడిగేది ఈ బరువుల గురించే.

అందుకే వ్యాన్ కొనే ముందు, ఏ సామానూ బిగించక ముందు, ఒకసారి పబ్లిక్ వెయిబ్రిడ్జికి వెళ్ళండి. ఊరెళ్ళేటప్పుడు ఎలా ఉంటారో అలాగే వెళ్ళాలి. అమ్మ ఇంకా రాలేదంటే ఆవిడ బరువుకు సరిపడా బియ్యం బస్తాలు వెనక సీట్లో పెట్టండి. వ్యాన్ తగిలించి ఉండగానే మొదట ప్రాడో ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒక చీటీ, తర్వాత ప్రాడో నాలుగు చక్రాలతో ఒకటి, చివరికి వ్యాన్ చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకటి తీసుకోండి. వ్యాన్ విప్పేసి ప్రాడోను ఒంటరిగా ఇంకోసారి తూస్తే, ఆ తేడానే టో బాల్ మీద పడే బరువు. ఈ నాలుగు చీటీలు చేతిలో ఉంటే ఏ షాపు వాడూ మిమ్మల్ని మాటల్లో పెట్టలేడు.

బరువు పరిమితి దాటిందని తేలితే మూడు దారులున్నాయి. సామాను తగ్గించడం మొదటిది, అన్నిటికంటే చవక. రెండోది జీవీఎం అప్‌గ్రేడ్, అంటే సస్పెన్షన్ మార్చి ఇంజనీర్ సర్టిఫికెట్ తీసుకోవడం. విక్టోరియాలో ఆ సర్టిఫికెట్‌నే వాస్ (VASS) అంటారు. దానితో బండి మోసే పరిమితి పెరుగుతుంది కానీ, బండి, వ్యాన్ కలిపిన మొత్తం పరిమితి జీసీఎం దానంతట అది పెరగదు. మూడోది, నా ఉద్దేశంలో మీరు తప్పకుండా ఆలోచించాల్సింది, తేలికైన వ్యాన్. ముఖ్యంగా పాప్‌టాప్. ప్రయాణంలో పైకప్పు దించుకుంటుంది కాబట్టి గాలికి అడ్డుపడే ఎత్తు బాగా తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. వంద కిలోల సామాను దించేస్తే చదునైన రోడ్డు మీద డీజిల్‌లో ఒక శాతం తేడా కూడా కనపడదు. అర మీటరు ఎత్తు తగ్గితే మాత్రం ప్రతి ట్యాంకుకూ తెలుస్తుంది. ఐదుగురికి పడకలు కుదిరే పాప్‌టాప్ దొరకడం కష్టమే. అయినా స్నేహితుడి వ్యాన్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒకటి రెండు చూసి రండి.

కొటేషన్‌లోని వస్తువుల్లో మొదట కొనాల్సింది బ్రేక్ కంట్రోలర్, అంటే ప్రాడోలోంచి వ్యాన్ బ్రేకులను పనిచేయించే పరికరం. తప్పించుకోలేని ఖర్చు అది. 2,000 కిలోల జీటీఎం (బండికి తగిలించినప్పుడు వ్యాన్ చక్రాల మీద పడే గరిష్ఠ బరువు) దాటిన వ్యాన్‌కు ఆస్ట్రేలియాలో అన్ని చక్రాలకూ బ్రేకులు, హిచ్ ఊడిపోతే వాటంతట అవే పట్టే బ్రేక్‌అవే ఉండాలి. మీ వ్యాన్ ఆ కోవలోకే వస్తుంది. ఏటీఎం 2,500 దాటింది కాబట్టి సేఫ్టీ చైన్లు కూడా రెండు కావాలి. కంట్రోలర్ నాబ్ డ్యాష్‌బోర్డులో, చూడకుండానే మీ చేతికి అందే చోట బిగించమని పట్టుబట్టండి. రెడార్క్ టో ప్రో లాంటివాటిలో ఆ నాబ్‌ను నొక్కితే ప్రాడో బ్రేకులు పట్టకుండా వ్యాన్ బ్రేకులే పడతాయి. పెద్ద ట్రక్కు ఎదురొచ్చి దాటినప్పుడో, దిగుడులోనో వ్యాన్ అటూ ఇటూ ఊగడం మొదలైతే మనిషికి సహజంగా వచ్చే ఆలోచన బ్రేక్ తొక్కడం. అది వద్దు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, ఆ నాబ్‌ను మెల్లగా నొక్కండి. వెనక నుంచి వ్యాన్ సాగదీసినట్టయి దారికి వస్తుంది. మొదటి రోజే ఖాళీ రోడ్డు మీద, 40లో, ఆ నాబ్‌ను నొక్కి చూడండి. వ్యాన్ బండిని వెనక్కి గట్టిగా పట్టి లాగాలి కానీ చక్రాలు బిగుసుకుపోయి జారకూడదు. అక్కడ గెయిన్ (వ్యాన్ బ్రేకులు ఎంత గట్టిగా పట్టాలన్న సెట్టింగ్) సెట్ చేసుకోండి. మీ భార్య కూడా నడుపుతారంటే ఆవిడ చేత కూడా ఇదంతా చేయించండి.

అద్దాలు కొనండి, వాదనే లేదు. ప్రాడో వెడల్పు 1.9 మీటర్ల లోపు, వ్యాన్ రెండున్నర. మామూలు అద్దాల్లో వ్యాన్ గోడ తప్ప ఏమీ కనిపించదు.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ గురించి కొంచెం వివరంగా. టో బాల్ వెనక చక్రాల కంటే మీటరు పైన వెనక ఉంటుంది కాబట్టి, దాని మీద 280 కిలోలు పడితే వెనక ఇరుసుకు దాదాపు 400 తెలుస్తుంది, ముందు చక్రాల మీద నుంచి వందకు పైగా లేచిపోతుంది. ముందు తేలికైతే స్టీరింగూ బ్రేకూ రెండూ బలహీనమవుతాయి. ఈ హిచ్ కమ్మీలు ఆ బరువులో కొంత తిరిగి ముందుకు పంపిస్తాయి. వెనక ఎయిర్‌బ్యాగులు ఈ పని చెయ్యవు. అవి వెనక భాగాన్ని పైకి లేపి చూడ్డానికి సమంగా కనిపించేలా చేస్తాయి, ముందు చక్రాలకు బరువు మాత్రం తిరిగి రాదు. తారు రోడ్డు మీద ఈ వ్యాన్‌తో వెళ్ళే మీకు హిచ్ పనికొస్తుంది. కాకపోతే కొన్ని వ్యాన్‌ల తయారీదారులు తమ కప్లింగుకు అది వద్దంటారు, స్నేహితుడి దగ్గరున్న హ్యాండ్‌బుక్‌లో చూసుకోండి. అది ఉన్నంత మాత్రాన జీవీఎం పెరగదన్నది మాత్రం మర్చిపోవద్దు.

చిప్ వద్దు. అది ఇచ్చేది బలం, మైలేజ్ కాదు. పైగా వారంటీతో తంటా. స్నోర్కెల్ (ఇంజన్‌కు గాలిని పై నుంచి తెచ్చే గొట్టం) దుమ్ము రోడ్లకు, వాగులు దాటడానికి మంచిదే కానీ నల్లార్‌బోర్ దాటించే ఎయిర్ (Eyre) హైవే మొత్తం తారు రోడ్డే. లిఫ్ట్ కిట్ బండిని ఇంకా ఎత్తు చేసి గాలికి అప్పగిస్తుంది. రూఫ్ డిఫ్లెక్టర్ ట్రక్కుల మీద చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ క్యాబ్‌కూ కంటెయినర్‌కూ మధ్య ఖాళీ తక్కువ. ప్రాడో రూఫ్‌కూ వ్యాన్ ముఖానికీ మధ్య ఉన్నంత దూరంలో గాలి మళ్ళీ కిందికి దిగిపోతుంది. బుల్‌బార్ విషయంలో మాత్రం ఆలోచించాలి. ఆ దారిలో కంగారూలు, వాంబాట్లు, ఒంటెలు ఉన్నాయని బోర్డులే చెబుతాయి. కానీ మీ బరువు లెక్కలో 60 కిలోల చోటు లేదు. కాబట్టి తెల్లవారుజామునా, చీకటి పడ్డాకా నడపకపోవడమే మీకు రక్షణ.

లాంగ్ రేంజ్ ట్యాంక్ ఎందుకో నాకు అర్థం కాలేదు. వెనక తలుపుకు స్టెప్నీ ఉన్న మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన రెండు ట్యాంకులూ కలిపి ఇప్పటికే 150 లీటర్లు. వందకు 18 లెక్కన 800 కిలోమీటర్లు దాటుతుంది. నల్లార్‌బోర్‌కు తూర్పున ఉన్న సెడూనా నుంచి పడమటనున్న నార్స్‌మన్ దాకా 1,200 కిలోమీటర్ల దారిలో ఏ రెండు బంకుల మధ్యా 200 కిలోమీటర్లు లేదు. బల్లడోనియా, కైగూనా మధ్య ప్రసిద్ధమైన తిన్నని రోడ్డు 146.6 కిలోమీటర్లు, అది కూడా ఈ లెక్కలోదే. రోడ్‌హౌసుల్లో ధర బాగా ఎక్కువ కాబట్టి సెడూనాలో నిండుగా కొట్టించి, మధ్యలో ఒకచోట అవసరమైనంత పోయించుకుంటే చాలు. ఒక్క జాగ్రత్త. పడమటికి వెళ్ళేటప్పుడు ఎదురుగాలి పడితే మళ్ళీ 21 లీటర్లు చూడొచ్చు. గాలి సూచన చూసుకుని, మరీ ఎక్కువుంటే ఆ రోజు తెల్లవారగానే బయల్దేరి మధ్యాహ్నానికి ఆగిపోండి, లేదా ఒక రోజు ఉండిపోండి. లాంగ్ సర్వీస్ లీవ్‌లో ఉన్నవాళ్ళకు హడావిడి దేనికి?

షాపువాళ్ళు రాయని కొన్ని వస్తువులు నేను చేరుస్తాను. ఒకటి, గేర్‌బాక్స్ ఆయిల్ ఎంత వేడెక్కిందో చూపించే ఓబీడీ గేజ్ (బండి కంప్యూటర్ సాకెట్‌కు తగిలించేది). మీ బండి ఆరో గేరులో 90 దగ్గర సుమారు 1,400, 1,500 ఆర్‌పీఎంలో తిరుగుతుంది. ఇంజన్ పూర్తి టార్క్ 1,600 నుంచి 2,800 మధ్య. అందువల్ల చిన్న ఎత్తు వచ్చినా గేరు కిందికీ పైకీ మారుతూ, టార్క్ కన్వర్టర్ లాక్ వదులుతూ ఆయిల్ వేడెక్కుతుంది, డీజిలూ వృథా. లివర్‌ను ఎస్ లోకి లాగి ఐదులో పెట్టేసి నడపండి. ఎత్తుల్లో క్రూయిజ్ కంట్రోల్ తీసేసి, వేగం పది పడిపోయినా పోనివ్వండి. గేజ్ ఉంటే దీని తేడా మీ కళ్ళకే తెలుస్తుంది.

రెండోది, వ్యాన్ టైర్లకు ప్రెషర్ చూపించే టీపీఎంఎస్. వ్యాన్ టైర్ గాలి తగ్గితే ముందు కూర్చున్న మీకు తెలియదు, పగిలాక తెలుస్తుంది. స్నేహితుడి వ్యాన్ చూసేటప్పుడు కింద కూర్చుని టైరు పక్కనున్న నాలుగంకెలు చదవండి. 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో తయారైందని. గీతలు ఎంత లోతుగా ఉన్నా, అంత వయసున్న టైర్లతో నల్లార్‌బోర్ వద్దు. ధర మాట్లాడేటప్పుడు ఆ ఖర్చు తగ్గించమని అడగండి. ప్రాడోకు లావు ఆల్ టెరెయిన్ టైర్లు వేయించాలనుకుంటే ఈ ప్రయాణానికి అక్కర్లేదు, హైవే టైర్లే డీజిల్‌కు నయం.

నీళ్ళ ట్యాంకులు ఖాళీగా తీసుకెళ్ళొచ్చు కదా అంటే, నల్లార్‌బోర్‌లో నీళ్ళు దొరకడం కష్టం. అక్కడికి నింపుకోండి, మిగతా చోట్ల ఖాళీ చేసుకోండి. లీటరు నీళ్ళంటే కిలో బరువు. మీ వ్యాన్‌లో సామానుకున్న చోటు 500 కిలోలు, నిండిన ట్యాంకులు, గ్యాస్ సిలిండర్లు, పరుపులు, వంటింటి సామాను కలిస్తే అది మీరనుకున్నంత కాదు. మన ఇళ్ళ నుంచి బయల్దేరే వ్యాన్‌లలో నేను ఎక్కువగా చూసేది ఇరవై కిలోల బియ్యం బస్తా, మిక్సీ, ఇడ్లీ కుక్కర్, పచ్చడి జాడీలు. తిండి మీద నేనేమీ అనను. బియ్యం మాత్రం ఐదేసి కిలోలు కొనుక్కోండి, సెడూనాలోనూ దొరుకుతుంది. మిక్సీ కోసం పెద్ద ఇన్వర్టర్ పెట్టించకండి. 750 వాట్ల మిక్సీ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 65, 70 ఆంపియర్లు లాగుతుంది, దానికి తగ్గ వైరూ బ్యాటరీ అంటే మళ్ళీ బరువు. కరెంటు ఉన్న క్యారవాన్ పార్కులో దిగిన రోజు పిండి, మసాలా రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సరి. ఫ్రిజ్ నడిచేందుకు మాత్రం ప్రాడో నుంచి వ్యాన్‌కు కరెంటు అందించే ఆండర్సన్ ప్లగ్, లావు వైరు, వ్యాన్‌లో డీసీ చార్జర్ మంచివి పెట్టించుకోండి. దారిలో ఫ్రిజ్ చల్లగా ఉంటేనే అమ్మ చేసిన వంట నిలుస్తుంది.

అమ్మగారు దారిలో కాసేపు వ్యాన్‌లో పడుకోవచ్చు అనుకుంటారేమో, కదులుతున్న క్యారవాన్‌లో మనిషి ఉండకూడదు. అది చట్టవిరుద్ధం, ప్రమాదం కూడా. రెండు గంటలకోసారి ఆగి ఆవిడకు నడుం వాల్చుకునే వీలు ఇవ్వండి.

పెర్త్ వైపు వెళ్ళేటప్పుడు బోర్డర్ విలేజ్ దగ్గర క్వారంటైన్ వాళ్ళు పచ్చి కూరగాయలు, పళ్ళు, తేనె తీసేసుకుంటారు. తిరిగొచ్చేటప్పుడు సెడూనాలో మళ్ళీ తనిఖీ ఉంటుంది. కాబట్టి కరివేపాకు, పచ్చిమిరపకాయలు, మామిడికాయ ఏవున్నా బోర్డర్ విలేజ్ ముందు రోజు వంటలో పూర్తి చేసెయ్యండి. ఎండు మిర్చి, పప్పులు, పొడులు దండిగా పెట్టుకోండి.

వెయిబ్రిడ్జి చీటీలు వచ్చాక ఆ నాలుగు అంకెలూ, వ్యాన్ ప్లేట్ మీదున్న టేర్ (ఖాళీ బరువు), ఏటీఎం, జీటీఎం అంకెలూ రాసి పంపండి. స్నేహితుడి వ్యాన్ మీ బండికి కుదురుతుందా, లేక పాప్‌టాప్ వైపు చూడాలా అన్నది వాటిని బట్టి తేలుతుంది. అంతదాకా కొటేషన్ మీద సంతకం పెట్టకండి.